ఇంటింటా విజ్ఞానం: కరిగిందంటే ఏమైనట్లు?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో పెద్దల సందేహాలే ఎక్కువ. ఈసారి మాత్రం ఒక తల్లిగారు మూడవ తరగతి చదువుతున్న తమ కుమారుని పరీక్ష కాగితాన్ని గురించి రాశారు. కొన్ని వస్తువుల పేర్లిచ్చి ఘన, ద్రవ, వాయు పదార్థాలుగా విభజించమన్న ప్రశ్నకు ఆ చిరంజీవి పంచదారను, గోధుమపిండిని ద్రవాల వరుసలో చేర్చాడట. మార్కులు రాలేదు. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచి తల్లికి చూపాడట. ద్రవానికి స్వంత ఆకారం లేదనీ, ఏ పాత్రలో పోస్తే ఆ పాత్ర ఆకారాన్ని పొందుతుందనీ అందులో ఉన్నది. పంచదారను సీసాలో పోస్తే సీసా ఆకారం, డబ్బాలో పోస్తే డబ్బా ఆకారం వస్తున్నది కదా, మరి నా జవాబు ఎందుకు తప్పు అని అడిగాడట. "బడిలో అడిగితే అది ఘనమే, గుర్తు పెట్టుకో అన్నారు. ఇంతకు మించి చెప్పడం నాకూ చేతకాలేదు. వాడు మూడు రోజులుగా సైన్సు పుస్తకం తీయడం లేదు" అని ఆ తల్లిగారు ఉత్తరం ముగించారు.

ఆ బాలుని పక్షాన మేము ఒక మాట చెప్పదలచుకున్నాము. ఇచ్చిన నిర్వచనాన్ని తీసుకొని, ఎదుట ఉన్న వస్తువుకు అన్వయించి, వచ్చిన ఫలితాన్ని నిర్భయంగా రాశాడు. ఏ ఇంజనీరైనా చేయవలసిన పని అదే. ఫలితం కుదరలేదంటే లోపం నిర్వచనంలో ఉన్నది, బాలునిలో కాదు. కాబట్టి ఈ నెల ఆయస్కాంతాలను గురించి రాస్తామన్న మాటను వచ్చే సంచికకు వాయిదా వేసి, పదార్థ స్థితులను, మిశ్రమాలను గురించి, పెద్దలు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చదివి వినిపించేందుకు వీలుగా రాస్తున్నాము. కావలసిన సామగ్రి అంతా వంటింట్లోనే ఉన్నది.

ముందుగా ఒకే ఒక్క పంచదార పలుకును అరచేతిలో పెట్టుకొని చూడండి. దానికి అంచులున్నాయి, మూలలున్నాయి. గ్లాసులో వేసినా పళ్ళెంలో వేసినా ఆ పలుకు ఆకారం మారదు. మారుతున్నది గుంపు ఆకారం. బడిపిల్లలు బస్సులో ఎక్కితే బస్సు ఆకారంలోనూ, గదిలో కూర్చుంటే గది ఆకారంలోనూ సర్దుకుంటారు. అంతమాత్రాన పిల్లలు ద్రవాలు కారు కదా! పిండి సంగతీ ఇంతే. పలుకులు మరీ సన్నవి కావడం వల్ల విడివిడిగా మన కంటికి ఆనవు, అంతే తేడా.

ఇప్పుడొక పరీక్ష. రెండు పళ్ళేలు తీసుకొని, ఒకదానిలో చెంచాడు పంచదారను ఒకేచోట కుప్పగా పోయండి. రెండవదానిలో చెంచాడు తేనెను అలాగే ఒకచోట పోయండి. తేనె మెల్లగానైనా పక్కలకు జరిగి చదునవుతుంది, దాని పైభాగం అద్దంలా సమమవుతుంది. పంచదార కుప్ప మాత్రం రేపటికీ ఎల్లుండికీ కుప్పగానే ఉంటుంది, చీమలు రాకపోతే. తనంత తానుగా సమతలమయ్యేది ద్రవం. కుప్పగా నిలవగలిగినది ఘనపదార్థపు పలుకుల గుంపు. పాఠ్యపుస్తకంలో ఈ ఒక్క వాక్యం ఉన్నట్లయితే మనకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

కుప్పకు కూడా ఒక లెక్క ఉన్నది. ఎండిన ఇసుకను పైనుంచి సన్నని ధారగా పోస్తూ ఉంటే కుప్ప ఎత్తు పెరుగుతుంది గాని దాని వాలు సుమారు 34 డిగ్రీల దగ్గర నిలిచిపోతుంది. అంతకు మించితే పైపొర జారి కిందికి వస్తుంది. మా వృత్తిలో దీనిని యాంగిల్ ఆఫ్ రిపోజ్ అంటాము. బొగ్గు, ఖనిజం, సున్నపురాయి నిలవచేసే హాపర్ల అడుగు గోడలను ఈ వాలుకంటె బాగా నిటారుగా కట్టకపోతే సరుకు కిందికి దిగక లోపలే పట్టుకుపోతుంది. రాత్రి షిఫ్టులో హాపరును సుత్తితో బాదిన సోదరులకు పొడిసరుకు ద్రవం కాదని ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. నీటి తొట్టిలో లోతు పెరిగేకొద్దీ అడుగున ఒత్తిడి పెరుగుతూ పోతుంది. గాదెలో ధాన్యం అలా కాదు. గింజలు ఒకదానినొకటి ఆనుకొని, గోడలను ఒరసుకొని, తమ బరువులో పెద్ద భాగాన్ని గోడల మీదికే మోపుతాయి. కొంత ఎత్తు దాటిన తరువాత ఎంత ధాన్యం పోసినా అడుగున ఒత్తిడి దాదాపు పెరగదు. 1895లో జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు దీనిని కొలిచి సూత్రీకరించాడు. నేటికీ గాదెలు, సైలోలు కట్టేవారు ఆ సూత్రాన్ని చూస్తూనే ఉన్నారు. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. నిలకడగా ఉన్న కుప్ప మనిషిని మోస్తుంది. అడుగునుంచి సరుకు జారుతున్న కుప్ప మనిషిని మింగుతుంది. ఇంటి ముందు దించిన ఇసుక మీద పిల్లలు ఆడుకోవడం వేరు, లారీనుంచి ఇసుక దిగుతూ ఉండగా దాని మీదికి ఎక్కడం వేరు.

పంచదారకు సరిగ్గా ఎదురు ఉదాహరణ తారు. ఎండిన తారు గడ్డను సుత్తితో కొడితే పెంకులుగా పగులుతుంది. చూసినవారెవరైనా ఘనమే అంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు 1927లో ఇటువంటి తారును వేడిచేసి ఒక గాజు గరాటులో పోసి, అది కుదురుకునే వరకు ఆగి, 1930లో గరాటు మూతి తెరిచాడు. మొదటి బొట్టు 1938లో రాలింది. తొమ్మిదవ బొట్టు రాలేసరికి 2014 వచ్చింది. పగిలేది ద్రవం, ధారగా పోయగలిగేది ఘనం! ఇక మూడవ తరగతి బాలుడు తికమకపడడంలో ఆశ్చర్యమేమున్నది?

లోపల జరిగేది తెలిస్తే ఈ తికమక తగ్గుతుంది. ప్రతి పదార్థమూ కంటికి కనిపించని అణువులతో ఏర్పడింది. ఉదయం ప్రార్థన సమయంలో పిల్లలందరూ వరుసలు తీరి నిలబడతారు. ఎవరి చోటు వారిదే. అయినా ఎవరూ కదలకుండా ఉండరు, నిలుచున్న చోటనే కాళ్ళు ఆడిస్తూ ఉంటారు. ఘనపదార్థంలో అణువులు ఇలా ఉంటాయి. విరామం గంట కొట్టగానే అందరూ వరండాలో భుజాలు రాసుకుంటూ ఒకరినొకరు దాటి తిరుగుతారు. కిక్కిరిసి ఉన్నారు, కాని ఎవరికీ నిర్ణీతమైన చోటు లేదు. ఇది ద్రవం. సాయంత్రం చివరి గంట కొట్టి గేటు తెరిస్తే ఊరంతా వారే. ఇది వాయువు. మూడు వేళలలోనూ పిల్లలు అవే పిల్లలు. ఎవరూ కొత్తగా పుట్టలేదు, ఎవరూ మాయం కాలేదు. గంట కొట్టే పని ఇక్కడ వేడిది.

పెద్ద తరగతుల పిల్లలు నాలుగవ స్థితి ఉన్నదా అని అడుగుతారు. ఉన్నది. వెల్డింగు చాపంలోనూ, వెలుగుతున్న ట్యూబులైటు లోపలా ఉన్నది ప్లాస్మా. ఐదవదాని పేరులో మన సత్యేంద్రనాథ్ బోసు గారు కూడా ఉన్నారు. ఢాకాలో పాఠాలు చెబుతూ 1924లో ఆయన వేసిన లెక్కను ఐన్‌స్టీన్ పొడిగించగా, ఆ స్థితిని 1995లో అమెరికాలోని ప్రయోగశాలలో సాధించి చూపారు. చిన్నవారికి మాత్రం మూడు చాలు.

ఒక వస్తువు ఘనమా ద్రవమా అన్నది దాని పుట్టుకతో వచ్చిన కులం కాదు, అప్పటి దాని స్థితి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కాబట్టి విశాఖపట్టణంలో మే నెలలో అది ద్రవం. ఢిల్లీలో జనవరి నెలలో మన తెలుగు ఉద్యోగుల ఇళ్ళలో అదే సీసాను ఎండలో పెట్టుకొని కూర్చోవాలి. ఇంట్లో ఒక సీసా కొబ్బరినూనెను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసి, మళ్ళీ గోరువెచ్చని నీటిలో నిలబెట్టి పిల్లలకు చూపించండి. పది వాక్యాల పాఠం కంటె ఆ సీసా ఎక్కువ చెబుతుంది. హారతి కర్పూరం మరొక దారి పడుతుంది. ద్రవం కాకుండానే నేరుగా గాలిలోకి పోతుంది. డబ్బాలో నాలుగు మిరియాలు వేస్తే కర్పూరం తరగదని కొందరి నమ్మకం. అసలు కాపాడేది బిగువైన మూత.

వెన్న కాచడం చూసిన పిల్లలు ఒక సంగతి గమనించి ఉంటారు. వెన్న కరిగిన తరువాత చాలాసేపు చిటపటలాడుతుంది, తరువాత ఒక్కసారిగా సద్దు మణుగుతుంది. అమ్మమ్మలు ఆ నిశ్శబ్దాన్ని బట్టే నెయ్యి కాగిందని తెలుసుకునేవారు. ఆ చప్పుడు వెన్నది కాదు, వెన్నలో చిక్కుకొని ఉన్న నీటిది. 100 డిగ్రీల వద్ద నీరు ఆవిరి అవుతుంది, నెయ్యికి అంత వేడి ఒక లెక్క కాదు. నీరంతా పోయాక చప్పుడు చేసేందుకు ఏమీ మిగలదు.

ఇంత చిన్న చిటపట వెనుక ఉన్న శక్తిని పెద్దలు తక్కువగా అంచనా వేయరాదు. నీరు మరిగి ఆవిరిగా మారితే అది ఆక్రమించే చోటు 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. చెంచాడు నీరు బిందెడు ఆవిరి అవుతుంది. కాగిన నూనెలో తడి గరిటె పెడితే నూనె ఎగిరి మీద పడడానికి కారణం ఇది. నీటిబొట్టు నూనెకంటె బరువు గనుక కిందికి దిగుతుంది, దిగి అక్కడ ఆవిరై, పైనున్న నూనెను విసిరికొడుతుంది. అందుకే మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయరాదు. పొయ్యి ఆపివేసి, పళ్ళెమో మూతో పెట్టి గాలి అందకుండా చేయాలి. ఉక్కు కర్మాగారాలలో పనిచేసే సోదరులకు ఈ సూత్రం మరింత పెద్ద ఎత్తున తెలుసు. సుమారు 1,600 డిగ్రీల ద్రవ ఉక్కులో తడిసిన తుక్కు ఇనుము పడితే ఏమవుతుందో వారిని అడగవచ్చు. వానాకాలంలో తుక్కును ఆరబెట్టమనే నియమం ఎవరో కాగితాల కోసం రాసినది కాదు. వంటింటి మూకుడుకు వర్తించేదే అక్కడా వర్తిస్తుంది.

ఇక అదే వంటింట్లో మూలన నిలబడి ఉన్న సిలిండరు దగ్గరకు వద్దాము. అందులో ఏమున్నది అని పిల్లలను అడిగితే గ్యాసు అంటారు. పెద్దలను అడిగినా అంతే. నిజానికి నిండు సిలిండరులో ఉన్న 14.2 కిలోలలో దాదాపు అంతా ద్రవమే. ఆ ద్రవం మీద కొద్దిపాటి ఖాళీలో మాత్రమే వాయువు ఉంటుంది. నమ్మకం కలగకపోతే కిళ్ళీ కొట్టులో అమ్మే పారదర్శకమైన సిగరెట్టు లైటరును పెద్దలు చేతిలో పట్టుకొని పిల్లలకు చూపవచ్చు. లోపల నీటిలా ఊగుతున్నది అటువంటి ఇంధనమే. మామూలు గాలిలో అది ద్రవంగా ఉండలేదు. ఒత్తిడి పెట్టి కుదించినందువల్లనే ద్రవంగా ఉన్నది. పీడనం పెరిగితే వాయువు ద్రవం కాగలదన్నది పాఠ్యపుస్తకంలో ఒక పంక్తి. మన ఇళ్ళలో పొయ్యి వెలుగుతున్నది ఆ పంక్తి మీదనే.

నిలబెట్టిన సిలిండరునుంచి పైనున్న వాయువు మాత్రమే బయటకు వస్తుంది. వెళ్ళిన వాయువుకు బదులుగా కింద ద్రవం మరికొంత మరిగి వాయువవుతుంది. మరిగేందుకు కావలసిన వేడిని సిలిండరు గోడలనుంచే తీసుకుంటుంది. కాబట్టి పెళ్ళివంటల వద్ద సిలిండరు చల్లబడి, వెలుపల చెమట పట్టినట్లు నీటిబొట్లు కనిపిస్తాయి. అది లోపలినుంచి కారుతున్నది కాదు, గాలిలోని తేమ చల్లని ఇనుము తగిలి ద్రవంగా మారినది. చల్లని మజ్జిగ గ్లాసుకు పట్టేదీ అదే.

గ్యాసు అయిపోవచ్చే రోజున, ముఖ్యంగా చలికాలంలో, చాలా ఇళ్ళలో సిలిండరును పక్కకు పడుకోబెట్టి మరో పూట వంట గడుపుకుంటారు. కొందరు వేడినీళ్ళలో నిలబెడతారు. ఇది తెలివైన పొదుపు అని అనుకోవడం మాకు తెలియనిది కాదు. కాని పడుకోబెట్టిన సిలిండరులో మూతి వద్దకు వచ్చేది వాయువు కాదు, ద్రవం. రెగ్యులేటరు, గొట్టం, పొయ్యి అన్నీ వాయువు కోసం చేసినవి. ఒక పాలు ద్రవం బయటపడితే సుమారు 250 పాళ్ళ వాయువవుతుంది. మంట చేయెత్తున లేస్తే ఆపేందుకు వంగవలసిన చోట ఆ మంటే ఉంటుంది. రెండు పూటల వంటకు ఇంతటి ప్రమాదం తగదని మా అభిప్రాయం. సిలిండరులో ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే తడిగుడ్డతో ఒకవైపు పైనుంచి కిందివరకు తుడిచి చూడండి. ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, ఖాళీ భాగం ముందుగా ఆరుతుంది. ఆ గీతను కనిపెట్టే పనిని పిల్లలకు అప్పగించవచ్చు.

ఈ వాయువు గాలికంటె సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకయితే పైకి పోదు, నీటిలా నేలబారుగా పరుచుకొని గుంటలలో, అలమరల కింద నిలుస్తుంది. దానికి స్వంత వాసన లేదు. మన ముక్కుకు తగిలే ఘాటు వాసన ఇథైల్ మెర్కాప్టాన్ అనే పదార్థాన్ని కావాలని కలపడం వల్ల వచ్చినది. వాసన వస్తే రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెరవాలి. లైటు గాని ఫ్యాను గాని వేయరాదు, వెలుగుతున్నవాటిని ఆర్పనూ రాదు. బయటకు వచ్చి 1906 సంఖ్యకు ఫోను చేయాలి. ఈ సంఖ్యను పిల్లల చేత కంఠస్థం చేయించడం మంచిది.

ఇంతవరకు ఒకే పదార్థం మారే తీరు చూశాము. రెండు పదార్థాలు కలిసినప్పుడు మన భాష ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. మంచుగడ్డ కరిగింది అంటాము. కాఫీలో పంచదార కరిగింది అని కూడా అంటాము. మాట ఒకటే, జరిగినవి రెండు. మంచుగడ్డకు ఎవరి తోడూ అక్కరలేదు, కాస్త వెచ్చదనం చాలు, తానే నీరవుతుంది. దీనిని పుస్తకాలలో ద్రవీభవనం అంటారు. పంచదార ఆ విధంగా ద్రవం కావాలంటే పొడి మూకుడులో 180 డిగ్రీలు దాటేంత వేడి కావాలి, అప్పటికి కొంత మాడనూ మాడుతుంది. కాఫీలో అది ద్రవం కాలేదు. దాని అణువులు ఒక్కొక్కటిగా విడిపోయి నీటి అణువుల మధ్య దూరాయి. ఇది ద్రావణం. పంచదార మాయమైందని పిల్లలు అంటే వాదించవద్దు, తూకం వేయించండి. 200 గ్రాముల నీరు, 20 గ్రాముల పంచదార కలిపితే 220 గ్రాములు తూగుతుంది. కంటికి కనిపించనిది త్రాసుకు కనిపిస్తుంది, నాలుకకు సరేసరి.

మిశ్రమంలో దేని గుణం దానికే మిగిలి ఉంటుంది. ఉప్పునీటిలో ఉప్పు ఉప్పగానే ఉన్నది. అందువల్లనే మళ్ళీ విడదీయగలము. ఈ విద్యలో మన నాయనమ్మలను మించిన ఇంజనీర్లు లేరు. వారు వాడిన క్రియాపదాలు చూడండి. తూర్పారబట్టడంలో గాలి తేలికైన పొట్టును కొట్టుకుపోతుంది. చేటతో చెరగడం గాలి లేనిచోట చేతులతో గాలిని పుట్టించడం. జల్లించడం పరిమాణాన్ని బట్టి వేరుచేయడం. బియ్యం గాలించడంలో రాయి నీటి అడుగున నిలిచిపోతుంది, బియ్యం నీటితో పాటు కదిలి పక్క పాత్రలోకి వస్తుంది, ఎందుకంటే రాయి సాంద్రత ఎక్కువ. తేర్చడం అంటే మడ్డి అడుగున నిలిచేవరకు ఓపిక పట్టి పైనీటిని వంచుకోవడం. ఆ ఓపిక లేనివారి కోసం చిల్లగింజను కుండలో అరగదీసేవారు, తరువాత పటిక వచ్చింది. నేటి పట్టణ నీటిశుద్ధి కేంద్రాలలోనూ పటికది ముఖ్యమైన పనే. వడకట్టడం, చిలకడం, ఇంకించడం మీకు తెలిసినవే. ఒక్కొక్క క్రియ వెనుక ఒక్కొక్క భౌతిక ధర్మం ఉన్నది. ఖనిజ శుద్ధి కర్మాగారంలో ఏ యంత్రాన్ని చూసినా వీటిలో ఒకటి మోటారు తగిలించుకొని తిరుగుతున్నట్లు మాకు తోస్తుంది.

కొన్ని మిశ్రమాలు వేళ్ళతో విడవవు. భోజనం చేసే స్టీలు పళ్ళెం ఇనుము, సుమారు 18 శాతం క్రోమియం, తరచు 8 శాతం నికెలు కలిసిన ఘనమిశ్రమం. దానిని ఏ చేటా చెరగలేదు.

గాలిని కూడా అలాగే విడదీయలేము అనిపిస్తుంది. అందులో 78 శాతం నత్రజని, 21 శాతం ఆమ్లజని ఉన్నాయి. రెండూ రంగులేనివి, వాసన లేనివి. చిల్లు ఎంత సన్నదైనా జల్లెడ పనికిరాదు. అయితే ఒక్క తేడా ఉన్నది. బాగా చల్లబరిచి ద్రవంగా మారిస్తే నత్రజని మైనస్ 196 డిగ్రీల వద్ద, ఆమ్లజని మైనస్ 183 డిగ్రీల వద్ద మరుగుతాయి. ఆ 13 డిగ్రీల తేడాను పట్టుకొని, మరగనిచ్చి, ముందుగా పోయేదాన్ని ఒకవైపు, వెనుక మిగిలేదాన్ని మరొకవైపు తీస్తారు. పదార్థ స్థితులు, మిశ్రమాలు అనే రెండు పాఠాలూ ఒకే గొట్టంలో కలిసే చోటు ఇది. ఉక్కు కర్మాగారాలకు ఆమ్లజని చాలా అవసరం గనుక వాటి ఆవరణలోనే ఇటువంటి యూనిట్లు ఉంటాయి.

2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండవ విజృంభణలో ఆసుపత్రులలో ప్రాణవాయువు కరువైనప్పుడు దేశం ఈ యూనిట్లవైపే చూసింది. గాలి అన్ని ఊళ్ళలోనూ ఉన్నది, విడదీసే యంత్రం అన్ని ఊళ్ళలో లేదు. వాయువుగా పంపుదామంటే ఎన్ని బండ్లు కట్టినా చాలవు. ఒక లీటరు ద్రవ ఆమ్లజని 800 లీటర్లకు పైగా వాయువునిస్తుంది, కాబట్టి ద్రవంగానే పంపాలి. ద్రవంగా ఉంచాలంటే ఫ్లాస్కులా రెండు గోడలున్న ప్రత్యేకమైన ట్యాంకర్లు కావాలి. అవే తక్కువ. నత్రజని, ఆర్గాన్ మోసే ట్యాంకర్లను ఆమ్లజనికి మార్చారు. ఆ నెల 22వ తేదీన విశాఖపట్టణం ఉక్కు కర్మాగారంలో నింపుకున్న ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. తరువాత బొకారో, రూర్కెలా, దుర్గాపూర్ మొదలైన చోట్లనుంచి కూడా రైళ్ళు నడిచాయి. ఈ సంచిక చదువుతున్న ఇళ్ళలో కొన్నింటికి ఆ రైళ్ళు ఎందుకు గుర్తుండిపోయాయో మేము వేరే రాయనక్కరలేదు. అమ్మ ఆ రోజులలో రాత్రిళ్ళు ఇంటికి ఎందుకు రాలేదనో, నాన్న డ్యూటీ ఎందుకు ముగియలేదనో అడిగే పిల్లలకు, ఆ డ్యూటీ గాలిని ద్రవం చేయడం అని చెప్పవచ్చు.

ఇక పిల్లలు స్వయంగా చేయవలసిన పని ఒకటి. సగం గ్లాసు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల ఉప్పు, చిటికెడు ఇసుక వేసి బాగా కలపండి. కాసేపు కదపకుండా ఉంచి, పైనీటిని మెల్లగా తేర్చి, గుడ్డతో వడకట్టండి. ఇసుక గుడ్డలో ఆగుతుంది, ఉప్పు ఆగదు. ఎందుకో పిల్లలనే చెప్పనివ్వండి. వడకట్టిన నీటిని రెండు వెడల్పైన పళ్ళేలలో పలుచగా పోసి, ఒకదానిని ఎండలో, రెండవదానిని గదిలో గాలి ఆడే నీడలో పెట్టండి. శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర ఉప్పు మడులలో జరిగేది ఇదే, లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటితో. ఎండలోని పళ్ళెం త్వరగా ఎండి సన్నని పొడి మిగులుతుంది. నీడలోనిది కొన్ని రోజులు తీసుకుంటుంది గాని, భూతద్దంతో చూస్తే చిన్న పాచికల వంటి పలుకులు కనిపిస్తాయి. మొదటి రోజు, మూడవ రోజు, పూర్తిగా ఎండిన రోజు పళ్ళెం ఎలా ఉన్నదో పిల్లల చేతనే బొమ్మలు వేయించి మాకు పంపండి. వచ్చే సంచికలో ఆయస్కాంతాల పక్కన వాటికి చోటు ఉంచుతాము. డాబా మీద పెట్టినవారు మబ్బు పట్టగానే పళ్ళెం లోపలికి తెచ్చుకోవాలి.